కవలల్లో ఒకరికి స్కిజోఫ్రేనియా: రెండోవారికి ఈఈజీ అవసరమా?

ప్రశ్న: మాకు అచ్చుగుద్దినట్టు ఉండే కవల మగపిల్లలు, వయసు 21. పెద్దవాడికి గత ఏడాది స్కిజోఫ్రేనియా అని నిర్ధారించారు. మందులతో ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇలాంటి కవలల మెదడు తరంగాలు కూడా ఒకేలా ఉంటాయని చదివాను. చిన్నవాడికి ఈఈజీ (మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీయిస్తే ఈ జబ్బు వస్తుందో రాదో తెలుస్తుందా? నెల రోజులుగా వాడికి నిద్ర లేదు, కాలేజీ మానేసి గదిలోనే ఉంటున్నాడు. ముందుజాగ్రత్తగా రాత్రిపూట అన్న మాత్రలో సగం ఇస్తున్నాం.
– ఒక తండ్రి, మారతహళ్లి, బెంగళూరు

సలహా: మీరు అడిగింది ఈఈజీ గురించి. నన్ను కలవరపెట్టింది మాత్రం మీ ఉత్తరంలోని చివరి రెండు వాక్యాలు, కాబట్టి ముందు వాటి సంగతి చెబుతాను.

ఒకరికి రాసిన మానసిక వ్యాధి మందును మరొకరికి ఇవ్వడం, అది సగం మాత్రే అయినా, ముందుజాగ్రత్త కాదు. ఈ మందులు కొత్తగా మొదలైనప్పుడు, ముఖ్యంగా యువకులలో, మెడ ఒక పక్కకు మెలితిరగడం, దవడ బిగుసుకోవడం, కాలు నిలవనీయని అశాంతి వంటివి కనిపించవచ్చు. మరో ఇబ్బంది కూడా ఉంది. మత్తుకు అబ్బాయి పడుకుంటే తగ్గిందని మీరు అనుకుంటారు. తరువాత చూసే వైద్యుడికి ఏది జబ్బు లక్షణమో, ఏది మందు ప్రభావమో విడదీయడం కష్టమవుతుంది. ఇంకొకటి మీరు రాయలేదు: ఆ సగం మాత్ర పెద్దబ్బాయి వేసుకోవలసిన మాత్రలోంచే తీస్తున్నారా? అలాగైతే అతనికి మోతాదు సగమై, తగ్గిన జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. మందు పేరు, మోతాదు తెలియకుండా ఇక్కడి నుంచి నేను ఏదీ ఖచ్చితంగా చెప్పలేను. అది రాసిన వైద్యుడికి ఈరోజే ఫోన్ చేసి, జరిగినదంతా దాచకుండా చెప్పి, ఆయన చెప్పినట్టు చేయండి. చదువుకున్న కుటుంబాలు కూడా ఇంట్లో మాత్రలు పంచుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇక ఈఈజీ. కవలల మెదడు తరంగాల గురించి మీరు చదివింది నిజమే; 1945లోనే అమెరికా పరిశోధకులు ఒకే అండం నుంచి పుట్టిన కవలల ఈఈజీలు చాలా దగ్గరగా ఉంటాయని చూపారు. అయితే ఆ పోలిక పూర్తి ఆరోగ్యంగా ఉన్న కవలలలోనూ ఉంటుంది కనుక, చిన్నబ్బాయి రికార్డు అన్న రికార్డును పోలి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. స్కిజోఫ్రేనియా ఉన్నవారిలో, ఏదైనా ప్రత్యేక శబ్దాన్నో దృశ్యాన్నో గుర్తించినప్పుడు మెదడులో వచ్చే పీ300 అనే తరంగం ఎత్తు సగటున తక్కువగా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అదే తగ్గుదల జబ్బు లేని రక్తసంబంధీకులలో కూడా కొంతవరకు కనిపిస్తుంది. అంటే అది వంశపారంపర్య ధోరణికి గుర్తు కావచ్చు గానీ, జబ్బుకు రుజువు కాదు. సమూహాల సగటులో కనిపించే తేడాతో ఒక్క మనిషి భవిష్యత్తు చెప్పలేము. రిపోర్టు నార్మల్ అని వస్తే మీరు మరో రెండు నెలలు ఆగిపోతారేమోనన్నదే నా భయం.

జన్యువులు ఒకటే అయినా జబ్బు ఇద్దరికీ వచ్చి తీరాలని లేదు. సాధారణ జనాభాలో ఈ జబ్బు సుమారు నూటికి ఒకరికి వస్తే, ఒకేలాంటి కవలల్లో ఒకరికి ఉన్నప్పుడు రెండోవారికి వచ్చే అవకాశం పాత అధ్యయనాల్లో 40 నుంచి 50 శాతంగా, 2018లో ప్రచురితమైన డెన్మార్క్ అధ్యయనంలో 33 శాతంగా తేలింది. అయితే మీ అబ్బాయిలో మార్పు ఇప్పటికే కనిపిస్తోంది కాబట్టి ఈ అంకెలు చూసుకుని ఊరట పడే సమయం కాదిది. అలాగని అది స్కిజోఫ్రేనియానే అని నేను అనడం లేదు. డిప్రెషన్ కావచ్చు, గంజాయి వంటి అలవాటు కావచ్చు, థైరాయిడ్ సమస్య కావచ్చు, అన్నలాగే తనకూ అవుతుందన్న భయం కావచ్చు. ఆ భయాన్ని అతనితో ఎవరైనా కూర్చుని అడిగారా?

నెల రోజులు ఇప్పటికే గడిచాయి. సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, లేనివి నిజమని నమ్మడం వంటి స్థితి) మొదలై ఉంటే, చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది కనుక ఈ వారంలోనే అతన్ని మానసిక వైద్యునికి చూపించండి. హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మీకు అందుబాటులోనే ఉంది. అన్న వైద్య కాగితాలు, సగం మాత్ర ఎన్ని రోజులు ఇచ్చారన్న వివరం వెంట తీసుకెళ్లండి. రావడానికి అతను ఒప్పుకోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి ఎలా ఒప్పించాలో అడగండి, తెలుగులోనూ మాట్లాడతారు. చనిపోతానని అన్నా, ఎవరో ఆదేశిస్తున్నట్టు మాటలు వినిపిస్తున్నాయని చెప్పినా, జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. మూర్ఛ వంటివి లేవని తేల్చుకోవడానికి అక్కడి వైద్యుడే ఈఈజీ రాస్తే, అప్పుడు తప్పకుండా తీయించండి.