చీకటి పడితే తెగిపోయే నెట్

ప్రశ్న: మా బ్రాడ్‌బ్యాండ్ ఫోన్ వైరు మీదే వస్తుంది. పగలు బాగుంటుంది, చీకటి పడ్డాక పదేపదే తెగిపోతుంది. మోడెమ్ పేజీలో లైన్ ఎటెన్యుయేషన్ ఎప్పుడు చూసినా 38. నాయిస్ మార్జిన్ మాత్రం పగలు 9, రాత్రి 2. మోడెమ్ మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే కొనకండి. సగం జవాబు మీ అంకెల్లోనే ఉంది. ఎటెన్యుయేషన్ అంటే ఎక్స్ఛేంజ్ నుంచి మీ ఇంటికి వచ్చేసరికి సిగ్నల్ ఎంత నీరసపడిందన్న లెక్క. అది ముఖ్యంగా వైరు పొడవును బట్టి ఉంటుంది, పూటపూటకీ మారదు. మార్జిన్ సంగతి వేరు. ఇప్పుడున్న స్పీడు నిలబడాలంటే కావలసిన దానికి పైన సిగ్నల్‌కు ఎంత మిగులు ఉందో అది చెబుతుంది. 9 నుంచి 2కి పడిందంటే 7 డెసిబెల్స్ తేడా, అంటే లైన్లో రొద అయిదు రెట్లు పెరిగినట్టు. సిగ్నల్ తగ్గలేదండీ, గోల పెరిగింది.

ఆ గోల రాత్రే ఎందుకు? ఫోన్ వైరు మీద వచ్చే మీలాంటి నెట్‌ను ఏడీఎస్‌ఎల్ అంటారు, అది 1.1 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది. మీడియం వేవ్ రేడియో స్టేషన్లలో చాలావాటి మకాం కూడా అక్కడే. పొద్దుగూకాక దూరపు స్టేషన్లు ఆకాశంలోంచి తిరిగొచ్చి మీ వైరులో దూరతాయి. దానికి తోడు ఇంట్లో లైట్లు, టీవీ, చార్జర్లు. వేల్స్‌లో అబెర్‌హోసన్ అనే పల్లెలో రోజూ ఉదయం 7 గంటలకు ఊరంతా నెట్ పోయేది. కేబుళ్లు మార్చినా అదే తంతు. 18 నెలలు తిప్పలు పడ్డాక 2020లో దొంగ దొరికాడు: ఒక ఇంట్లో ఆ వేళకు పెట్టే పాత టీవీ!

మీ ఇంటి దొంగను మీరే పట్టుకోవచ్చు. బ్యాటరీ రేడియోను మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి ఇల్లంతా తిరగండి. ఎక్కడ బర్రుమంటే అక్కడి ప్లగ్ పీకి చూడండి. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికింది చవక చార్జరే. ఇంకోటి, గోడ వెంబడి లాగిన పొడవాటి ఫోన్ ఎక్స్‌టెన్షన్ వైరు. మెలి లేని చదును వైరయితే అచ్చం ఏరియల్లా పనిచేస్తుంది. దాన్ని తీసేసి, లైన్ ఇంట్లోకి వచ్చే మొదటి సాకెట్‌కే మోడెమ్ తగిలించండి. ఇంట్లో ప్రతి ఫోన్‌కీ ఫిల్టర్ (మాటనూ నెట్‌నూ విడదీసే చిన్న డబ్బీ) ఉందో లేదో మామూలుగానే చూసుకోండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే మోడెమ్‌ను రాత్రిపూట ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి. పగలు పెడితే నిశ్శబ్దం చూసి స్పీడు ఎక్కువ ఎంచుకుంటుంది, రాత్రి చతికిలబడుతుంది. గోలలో మొదలైతే కాస్త నెమ్మదిగా పోతుంది గానీ పగలూ రాత్రీ తెగదు.