రోజూ ఒకేలా గడిచే జీవితంలో ఎదుగుదల, సంతోషం, నవ్వు ఎలా దొరుకుతాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఉద్యోగం ఉంది, ఇల్లు నడుస్తోంది, చెప్పుకోదగ్గ కష్టాలేమీ లేవు. అయినా పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా చేసిందే చేస్తున్నట్టుంది. ఎదుగుతున్నానో లేదో తెలియడం లేదు. మనసారా నవ్వి చాలా రోజులైంది. ఏం చేయాలి?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ రోజు మీరు చూసిన ఒక చిన్న సంగతిని ఎవరో ఒకరికి చెప్పండి. చెప్పడానికి ఎవరూ దొరక్కపోతే రాసుకోండి. కొత్త కోర్సులో చేరడం, ఉద్యోగం మారడం లాంటి వాటికన్నా ముందు ఇది చేసి చూడండి. నేనూ మా అక్కా కొన్నేళ్లుగా చేస్తున్నది ఇదే. మీరు అడిగిన మూడూ నాకు ఈ ఒక్క అలవాటు వల్లే దొరికాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా అక్క వేరే ఊళ్లో ఉంటుంది. ఇద్దరికీ ఉద్యోగాలు, పిల్లలు. ఫోన్ చేసుకుంటే ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరికి ఏం పంపాలి, ఏ పని ఆగిపోయింది అనే మాటలతోనే అయిపోయేది. ఒకరోజు అక్కే అంది: "సమస్యలు ఎలాగూ మాట్లాడుకుంటాం. పెట్టేసే ముందు ఇవాళ చూసిందో విన్నదో ఒక్కటి చెప్పుకుందామే. గొప్పది కానక్కర్లేదు. మంచిదే కావాలనీ లేదు. మన కళ్లతో చూసిందై ఉండాలి, అంతే."

మొదట్లో ఇద్దరికీ ఏమీ దొరికేది కాదు. "ఇవాళేం లేదక్కా" అంటే "నాకూ లేదే" అనుకుని పెట్టేసేవాళ్లం. మెల్లగా ఒక మార్పు వచ్చింది. సాయంత్రం చెప్పాలి కదా అని పగలంతా కళ్లు తెరుచుకుని ఉండటం మొదలైంది. ఆఫీసు లిఫ్టులో ఇద్దరు పెద్దమనుషులు దిగబోతూ "ముందు మీరు", "అబ్బే, ముందు మీరు" అనుకుంటుండగానే తలుపులు మూసుకుపోయి లిఫ్టు వాళ్లిద్దరినీ మళ్లీ పైకి తీసుకుపోయింది. వెళ్తూ కూడా ఒకరికొకరు సారీ చెప్పుకుంటున్నారు. అంతకుముందైతే ఆ సమయంలో నేను ఫోను చూసుకుంటూ ఉండేదాన్ని. ఆ సాయంత్రం అక్కకు చెప్తే తను నవ్వాపుకోలేక ఫోను బావగారికిచ్చి మళ్లీ మొదట్నుంచి చెప్పించింది.

ఇలా చూడటం వల్ల మనసు ఎందుకు తేలికపడుతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. హార్వర్డ్‌లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే ఇద్దరు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. 2,250 మందికి ఫోన్లో ఎప్పుడు పడితే అప్పుడు ప్రశ్నలు పంపి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దేనిమీద ఉంది, ఎంత సంతోషంగా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో చేస్తున్న పని ఒకటి, ఆలోచన మరొకటి. అలాంటప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి: మనసు ఎటో వెళ్లి మంచి విషయాలే తలుచుకుంటున్నా, చేస్తున్న పనిమీదే మనసు పెట్టినప్పటి కన్నా ఎక్కువ సంతోషమేమీ లేదట. అక్క పెట్టిన షరతు, 'మన కళ్లతో చూసిందై ఉండాలి' అన్నది, సరిగ్గా ఇక్కడే పనిచేస్తోందని నాకు అనిపిస్తుంది. ధ్యానం చేయమని చెప్తే నేను చేసేదాన్ని కాదేమో. అక్కకు చెప్పడానికి ఒక సంగతి కావాలంటే మాత్రం తప్పకుండా చుట్టూ చూస్తాను.

పెద్ద మార్పు ఏదో వస్తే తప్ప ఈ విసుగు పోదని మీరు రాశారు. ప్రమోషన్, పెద్ద ఇల్లు లాంటివి. అవి వద్దని నేను అనను, డబ్బు ఎవరికైనా అవసరమే. కానీ వాటి కోసం ఈ సంతోషాన్ని వాయిదా వేయకండి. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు లాటరీలో భారీ మొత్తాలు గెలిచిన 22 మందితో మాట్లాడారు. చిన్న పరిశోధనే, కానీ ఇప్పటికీ చెప్పుకుంటారు. గెలిచినవాళ్లు మామూలు వాళ్లకన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, టీవీ చూడటం, మ్యాగజైన్ చదవడం లాంటి చిన్న చిన్న వాటిలో వాళ్లకు దొరికే ఆనందం మామూలు వాళ్లకన్నా తక్కువగా ఉంది. నాకు ఈ రెండో సంగతే ముఖ్యం. పెద్దది వచ్చాక కూడా మనం బతికేది ఈ చిన్నవాటి మధ్యనే కదా.

ఇక నవ్వు. "నాకు జోకులు వేయడం రాదు, కామెడీ సినిమాలు పెట్టుకున్నా నవ్వు రావడం లేదు" అన్నారు. అందులో మీ లోపమేమీ లేదు. రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి జనం తిరిగే చోట్ల నిలబడి, మాటల మధ్యలో వచ్చే నవ్వులను నమోదు చేశారు. అలా 1,200 నవ్వులు. వాటిలో జోకు లాంటి మాటకు వచ్చినవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ "సరే, ఇక వెళ్లొస్తా" లాంటి మామూలు మాటల వెనకే వచ్చాయి. ఒంటరిగా ఉన్నప్పటికన్నా మనుషుల మధ్య ఉన్నప్పుడు మనం 30 రెట్లు ఎక్కువగా నవ్వుతామని కూడా ఆయన లెక్క తేల్చారు. అంటే మీకు కావాల్సింది మంచి జోకు కాదు, పక్కన ఒక మనిషి. ఒక్కరే కూర్చుని కామెడీ సినిమా పెట్టుకుంటే నవ్వు రాకపోవడంలో వింతేముంది?

మా నాన్న వీడియో కాల్ చేస్తే ఫోన్ చెవికి ఆనించుకుని మాట్లాడతారు. అటు అక్కకూ ఇటు నాకూ తెర నిండా ఆయన చెవే. "నాన్నా, ముఖం ముందు పెట్టుకోండి" అంటే ఒకసారి చూపించి, "కనిపించానా? సరే" అని మళ్లీ చెవికి పెట్టుకుంటారు. ముఖం చూపించడం ఒక పని, మాట్లాడటం ఇంకో పని ఆయనకు. ఇది జోకు కాదు. ఎవరికైనా చెప్తే ఓ చిరునవ్వు నవ్వి ఊరుకుంటారేమో. మా ఇద్దరికి మాత్రం ఏళ్ల తరబడి నవ్వు తెప్పిస్తోంది, ఎందుకంటే ఆ చెవి మా నాన్నది.

ఆ నాన్నకే గుండె ఆపరేషన్ జరిగినప్పుడు మేమిద్దరం ఆసుపత్రి వరండాలో రాత్రిళ్లు కూర్చున్నాం. నాకు చాలా భయంగా ఉండేది. మాటలు వచ్చేవి కావు. అక్క మాత్రం అలవాటు మానలేదు. "ఇవాళ్టిది చెప్పు" అంది. నేను ఏడుస్తూనే, ఐసీయూలోంచి బయటికొచ్చిన నర్సు "మీ నాన్నగారు స్పృహలోకి రాగానే అడిగిన మొదటి ప్రశ్న ఫోన్ చార్జింగ్ ఎంతుంది అని" అన్న సంగతి చెప్పాను. ఇద్దరం నవ్వాం. భయం పోలేదు. కానీ ఆ భయంతో పాటు మేం కూడా అక్కడ ఉన్నామని తెలిసింది. అంతవరకూ భయం ఒక్కటే ఉన్నట్టుండేది.

నాజీ నిర్బంధ శిబిరాల్లో బతికి బయటపడిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ ఇలాంటిదే రాశారు. శిబిరంలో తన పక్కన పనిచేసే మిత్రుడితో, విడుదలయ్యాక జరగబోయే ఏదో ఒక నవ్వొచ్చే సంఘటనను రోజుకొకటైనా ఊహించి చెప్పుకుందామని ఒప్పందం చేసుకున్నారట. ఆయన పడిన బాధకూ మన రోజువారీ విసుగుకూ పోలికే లేదు. అయినా ఈ సంగతి నాకు చాలా బలాన్నిచ్చింది. అంతటి చోట కూడా ఆయన నవ్వును ఇంకొక మనిషితో కలిసి వెతుక్కున్నారు.

ఒక హద్దు మాత్రం పెట్టుకోవాలి. నవ్వుల్లోనూ రకాలున్నాయి. రాడ్ మార్టిన్, ఆయన సహచరులు 2003లో హాస్యాన్ని నాలుగు తీరులుగా విడదీశారు: నలుగురినీ దగ్గర చేసేది, కష్టంలో మనసును నిలబెట్టేది, ఎదుటివాళ్లను కించపరిచేది, మెప్పు కోసం తనను తాను చులకన చేసుకునేది. మొదటి రెండూ మనశ్శాంతితో ముడిపడి కనిపించాయి, నాలుగోది దిగులుతో, ఆత్మవిశ్వాసం తగ్గడంతో. నేనూ అక్కా పాటించే నియమం ఒకటే. ఎవరి గురించి చెప్పుకుంటున్నామో వాళ్లు పక్కన కూర్చున్నా ఇదే మాట ఇలాగే చెప్పగలగాలి. నాన్న చెవి సంగతి నాన్న ముందే చెప్తాం. ఆయన కూడా నవ్వి, మళ్లీ చెవికే పెట్టుకుంటారు. ఆఫీసులో ఒకరి ఇంగ్లీషు మీద నవ్వే గుంపులో మాత్రం నేను నిలబడను.

ఎదుగుదల గురించి అడిగారు కదా, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. అక్కకు చెప్పినదాన్ని పడుకునే ముందు ఒకటి రెండు వాక్యాల్లో నోట్‌బుక్‌లో రాసుకుంటాను. రాసేటప్పుడు అందులో ఏ గొప్పా కనిపించదు. చాలాకాలం తర్వాత తిరిగి చదివితే మాత్రం మనసు నిండిపోతుంది. దీనిమీదా పరిశోధన ఉంది. 2014లో టింగ్ జాంగ్, ఆమె సహచరులు కాలేజీ విద్యార్థులతో అప్పటి మామూలు సంగతులు రాయించి దాచారు. అప్పుడు వింటున్న పాటలు, ఈమధ్య జరిగిన ఒక సంభాషణ, అలాంటివి. మూడు నెలల తర్వాత చదవడానికి ఇస్తే, ముందు అనుకున్న దానికన్నా ఎంతో ఆసక్తిగా చదివారు. ప్రత్యేకమైన రోజుల కన్నా మామూలు రోజుల విషయంలోనే మన అంచనా ఎక్కువగా తప్పుతుందని కూడా తేలింది. పండగ ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి. ఏమీ లేని మంగళవారం ఎవరి దగ్గరా ఉండదు.

ఆ నోట్‌బుక్‌లో పాత పేజీ ఒకటుంది: "ఇవాళ మీటింగులో అందరి ముందూ ఒక ప్రశ్న అడిగాను. గొంతు వణికింది. అడిగాను." ఆ రోజు అది నాకు అంత పెద్ద సంగతి. కొన్ని నెలల పేజీలు తిప్పితే అలాంటి వాక్యం మళ్లీ కనిపించదు. మీటింగులో మాట్లాడటం మానేశానని కాదు, వారానికి రెండు మూడుసార్లు మాట్లాడుతున్నాను. రాసుకోవాలనే అనిపించలేదు, అంతే. ఒకప్పుడు రాసుకోదగ్గ విషయం రాయడం మరిచిపోయేంత మామూలైపోయిందంటే, ఆ మధ్యలో నేను ఎదిగినట్టే కదా. ఎదుగుతున్న రోజుల్లో మనకది తెలియదు. అందుకే ఎదగడం లేదని మీకు అనిపిస్తోందంటే నేను వెంటనే నమ్మలేను. మీ దగ్గర పాత పేజీలు లేవు, అంతే అయ్యుండొచ్చు.

పిల్లల నుంచి నేర్చుకున్నవీ అందులో ఉన్నాయి. మా అమ్మాయి ఒక రాత్రి బొమ్మను పడుకోబెడుతూ అచ్చం నాలాగే "పది లెక్కపెట్టేలోపు నిద్రపోవాలి" అంది. దానికి అప్పటికి ఆరు దాకానే వచ్చు. "నాలుగు, అయిదు, ఆరు... ఆరు... ఆరు..." అంటూ చాలాసేపు బొమ్మకేసి చూసి, "సరే, కొంచెంసేపు ఆడుకో" అని వదిలేసింది. ఆ వాక్యం రాసుకున్న రోజు నుంచి మా ఇంట్లో నా లెక్క కూడా ఆరు దగ్గరే ఆగుతోంది. ఇద్దరికీ ఓ పావుగంట ఆట దొరుకుతోంది. ఇలాంటివి ఎవరూ కోర్సులో నేర్పరు.

రోజూ చేయలేకపోతున్నానని టెన్షన్ పడకండి. ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో ఒక కొత్త అలవాటు దానంతటదే జరిగిపోయే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, అలవాటును బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ కనిపించలేదు. మేమూ చాలా రోజులు తప్పుతాం, మర్నాడు మళ్లీ మొదలుపెడతాం.

ఇంకో మాట, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాను. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం ఉంటే అది విసుగు కాకపోవచ్చు. డిప్రెషన్ అయ్యుండొచ్చు. అప్పుడు నోట్‌బుక్ సరిపోదు, డాక్టర్‌ను కలవండి. చనిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి సాయం తీసుకోండి.

చివరగా, మీరు కింద కామెంట్‌లో అడిగిన ప్రశ్న: "నాకు అలాంటి అక్క లేదు, ఎవరికి చెప్పాలి?" దగ్గరివాళ్లే కానక్కర్లేదండి. నికొలస్ ఎప్లీ, జులియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన పరిశోధనలో రైళ్లలో, బస్సుల్లో వెళ్లే కొందరిని పక్కనున్న కొత్తవాళ్లతో మాట కలపమన్నారు. మాట్లాడకుండా కూర్చుంటేనే హాయిగా ఉంటుందని జనం ముందు అనుకున్నారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్ల ప్రయాణమే ఎక్కువ సంతోషంగా గడిచింది. మీతో పాటు రోజూ లిఫ్టు ఎక్కే మనిషి, పక్క సీటు సహోద్యోగి, చాలాకాలంగా మాట్లాడని కాలేజీ స్నేహితురాలు, వీళ్లలో ఒకరికి రేపు ఒక్క సంగతి చెప్పి చూడండి. వాట్సాప్‌లో రెండు వాక్యాలు పంపినా చాలు. "ఎలా ఉన్నావు" అని మొదలుపెడితే "బాగున్నాను" దగ్గర ఆగిపోతుంది. "ఇవాళ ఏం చూశానో తెలుసా" అని మొదలుపెట్టండి.