షేరూ లేచి తిరుగుతున్నాడని మందు ఆపకు

సికింద్రాబాద్

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

మూడో రోజుకే మీ కుక్క షేరూ లేచి కూర్చున్నాడు, చికెన్ అన్నం గిన్నె నాకేశాడు, ఇంకా మాత్రలు అవసరమా పెదనాన్నా అని నిన్న ఫోన్లో అడిగావు. నువ్వు క్యాబ్‌లో ఉన్నావు, నా మాట నీకు సగమే వినబడింది. అందుకే రాస్తున్నాను. అవసరమే బిడ్డా. డాక్టరు గారు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులకు రాశారంటే 28 రోజులూ వేయాల్సిందే. మధ్యలో వాడు సోఫా ఎక్కి దూకినా సరే.

ఈ జబ్బు మనుషుల్ని బోల్తా కొట్టించేది సరిగ్గా ఇక్కడే. షేరూ రక్తం రిపోర్టులో ఉన్న ఎర్లికియా ఒక బాక్టీరియా. పిడుదు కాటుతో ఒంట్లోకి దిగి తెల్ల రక్తకణాల్లో కాపురం పెడుతుంది. కరిచిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, నీరసం, తిండి మానేయడం మొదలవుతాయి. సరైన మందు పడితే చాలా కుక్కలు ఒకటి నుంచి మూడు రోజుల్లోనే తేరుకుంటాయి. అంతెందుకు, మందు వేయకపోయినా కొన్ని కుక్కలు కొన్ని వారాల్లో వాటంతటవే లేచి తిరుగుతాయి. ఇంట్లోవాళ్ళు తగ్గిపోయిందనుకుంటారు. క్రిమి మాత్రం లోపల అలాగే ఉండి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడుపుతుంది. పైకి ఏమీ తెలియదు, రక్తం తీస్తే మాత్రం రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువగా కనిపిస్తుంటాయి. వాటిలో కొన్నిటికి చివరికి ఎముక మజ్జ దెబ్బతిని అన్ని రకాల రక్తకణాలూ పడిపోతాయి. ముక్కులోంచి రక్తం కారుతుంటే తువ్వాలు అడ్డుపెట్టుకుని ఆటోలో తెచ్చే కుక్కలను మా పశువుల ల్యాబు ముందు చాలానే చూశాను. ఆ దశలో ఏ మందుకీ పెద్దగా పట్టు దొరకదు. జర్మన్ షెపర్డ్‌లకు ఇది మరీ చేటు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు వందల్లో దీనికే పోయాయి, వాటిలో ఎక్కువ ఆ జాతివే. మీవాడు వీధి నుంచి తెచ్చినవాడు, గట్టివాడే, కానీ గట్టివాళ్ళు జబ్బును బయటపడనివ్వరు. అందుకని వాడి ఉషారును చూసి నమ్మకు, రక్తం రిపోర్టును చూసి నమ్ము.

ఇంకో మాట. నిజాంపేట్ నుంచి ఉప్పల్ దాకా అందరూ దీన్ని టిక్ ఫీవర్ అనేస్తారు. ఆ పేరు మీద మెడికల్ షాపులో డాక్సీ స్ట్రిప్ అడిగి తెచ్చి వేసేవాళ్ళకూ కొదవ లేదు. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో నీకు అదే చెప్పారన్నావు. టిక్ ఫీవర్ ఒక్క జబ్బు కాదు. ఎర్లికియాకు, ప్లేట్‌లెట్లలో చేరే అనాప్లాస్మాకు డాక్సీ పనిచేస్తుంది. బబేసియా వేరే వర్గం, అది బాక్టీరియానే కాదు, మలేరియా క్రిమికి దూరపు చుట్టం. ఎర్ర కణంలో దూరి దాన్ని పగలగొడుతుంది. చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం డికాక్షన్ రంగుకు తిరుగుతుంది, కళ్ళు పచ్చబడొచ్చు. పెద్ద సైజు బబేసియాకు ఇమిడోకార్బ్ ఇంజెక్షను ఒకటి, రెండు వారాలకు మరొకటి ఇస్తారు. చిన్న సైజుది, గిబ్సోనీ అంటారు, ఆ ఇంజెక్షనుకు సరిగా లొంగదు. దానికి అటొవక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు వాడే పద్ధతి ఉంది, ఖర్చు కూడా ఎక్కువే. ఇక హెపటోజూన్ అని మరొకటి ఉంది. అది కాటుతో రాదు, కుక్క ఒళ్ళు గీరుకుంటూ పిడుదును నమిలి మింగితే వస్తుంది. ఒకే కుక్కకు వీటిలో రెండు కలిసి ఉండటం మామూలే. అందుకే డాక్సీ మొదలుపెట్టిన మూడు నాలుగు రోజులకీ జ్వరం దిగని కుక్క అయితే, ఇంకో జబ్బు కూడా ఉందేమో చూడమని డాక్టరును అడగాలి. మీవాడికి దిగింది కాబట్టి ప్రస్తుతానికి ఆ టెన్షన్ పెట్టుకోకు.

మలేరియా మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన బంగళా మన బేగంపేటలోనే ఉంది, దాని ముందు నుంచి నువ్వు రోజూ వెళ్తుంటావు. మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ అంతకు నాలుగేళ్ళ ముందే, 1893లో, అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు పశువుల జ్వరాన్ని పిడుదు మోసుకొస్తుందని రుజువు చేశారు. ఆ జ్వరం బబేసియాదే. పిడుదు కథ దోమ కథకన్నా ముందు తేలిందన్నమాట. పశువుల ల్యాబులో పనిచేసినవాణ్ణి కదా, ఈ సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను.

రక్తపరీక్ష గురించి నీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. షేరూకు చేసింది కార్డు టెస్టు. అది క్రిమిని చూపదు, క్రిమి మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూపుతుంది. జబ్బు మొదటి రోజుల్లో అవి ఇంకా తయారుకాక నెగటివ్ రావచ్చు. జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి పాజిటివ్ వస్తూనే ఉండొచ్చు. కాబట్టి కోర్సు అయిపోయాక మళ్ళీ ఆ కార్డే చేయించి, పాజిటివ్ వచ్చిందని బెంబేలెత్తకు. చూడాల్సింది సీబీసీ, అంటే రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష. అందులో ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, తెల్లకణాలు. కుక్కకు ప్లేట్‌లెట్లు సుమారు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉండాలి, మీవాడివి 42 వేలు. ఇక్కడొక మెలిక ఉంది. కుక్క రక్తంలో ప్లేట్‌లెట్లు ఒక్కోసారి ట్యూబులోనే గుంపుగా అతుక్కుంటాయి, అప్పుడు మెషిను వాటిని లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. అందుకని అంకె మరీ తక్కువ వస్తే, ‘స్మియర్ మీద కూడా చూశారా’ అని ల్యాబులో అడుగు. మంచి టెక్నీషియన్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

స్మియర్ అంటే గాజు పలక మీద పల్చగా పరిచిన రక్తపు బొట్టు. బబేసియా అనుమానం ఉంటే చెవి కొన మీద సూదితో గుచ్చి, వచ్చిన మొదటి బొట్టునే పలక మీదికి తీసుకుంటాం, క్రిమి పట్టిన కణాలు సన్నటి రక్తనాళాల్లో ఎక్కువ దొరుకుతాయి కాబట్టి. మిథనాల్‌లో ఉంచి, జీమ్సా రంగు వేసి, నూనె చుక్క పెట్టి మైక్రోస్కోపులో చూస్తే, పెద్ద బబేసియా ఎర్ర కణంలో నీటిబొట్టు ఆకారంలో జంటగా కనబడుతుంది. గిబ్సోనీ చిన్న ఉంగరంలా ఉంటుంది, ఓపిక లేకపోతే దొరకదు. ఎర్లికియా గుత్తులు తెల్లకణంలో కొద్ది రోజులే ఉంటాయి, దొరికితే అదృష్టం. స్లైడులో ఏమీ లేదంటే జబ్బు లేదని కాదు. అలాంటప్పుడే క్రిమి జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. ఏదైనా సరే, మందు మొదటి డోసు పడకముందు రక్తం తీయించడమే మేలు. ఈసారి నువ్వు అలాగే చేశావు.

ఇక మాత్ర వేసే పద్ధతి. షేరూ 18 కిలోలు, పొద్దున వంద, సాయంత్రం వంద మిల్లీగ్రాములు రాశారు. ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తాడు. పొడి మాత్ర గొంతులో పడేసి వదిలేస్తే అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేయొచ్చు. ముందు రెండు ముద్దలు తినిపించు, మాత్రను మూడో ముద్దలో పెట్టు, మీద ఇంకో ముద్ద, కాసిని నీళ్ళు. ముద్ద పెరుగన్నంది కాకుండా చికెన్ అన్నంది చెయ్యి, పాలు పెరుగుతో వేస్తే మందు ఒంటబట్టడం తగ్గుతుంది. రక్తం పడుతుందని ఐరన్ టానిక్ కూడా రాశారు కదా, దానికీ మాత్రకూ మధ్య మూడు గంటల తేడా ఉంచు. రెండూ ఒకేసారి వేస్తే ఆ ఐరన్ డాక్సీని కట్టిపడేస్తుంది. మాత్ర వేసిన వెంటనే కక్కితే నీ అంతట నువ్వు మళ్ళీ వేయకు, డాక్టరుకు ఫోన్ చెయ్యి.

బొప్పాయి ఆకు రసం గురించి అడిగావు. డెంగీ సీజను వచ్చిందంటే మన ఊళ్ళో ఆ చెట్లు బోడిగా మిగులుతాయి. ఇక్కడ ప్లేట్‌లెట్లు పడిపోయింది ఎర్లికియా వల్ల. ఎర్లికియాను చంపితే అవే పెరుగుతాయి. ఆ చేదు రసం పోసి కడుపు తిప్పించి, వేసిన మాత్ర కూడా కక్కించడం నాకు నచ్చని పని. అంతకన్నా ముఖ్యం, జ్వరానికని మన ఇంట్లో ఉండే మాత్రలు ఏవీ వేయకు. ఐబుప్రొఫెన్ కుక్కలకు విషంతో సమానం, పారాసిటమాల్ కూడా వద్దు, ఆస్పిరిన్ అయితే అసలే తక్కువున్న ప్లేట్‌లెట్లను పనిచేయనివ్వదు.

ప్లేట్‌లెట్లు లక్ష దాటేదాకా ఎముకలు నమలనివ్వకు, పక్కింటి లాబ్రడార్‌తో కుస్తీ పట్టనివ్వకు. రక్తం తీసిన చోట దూది పెట్టి, మామూలు కన్నా ఎక్కువసేపు నొక్కి పట్టు. వచ్చే నెల చేయిద్దామనుకున్న పిల్లలు పుట్టకుండా ఆపరేషను కూడా వాయిదా వేసి, సీబీసీ సరిగ్గా వచ్చాకే పెట్టుకో. రోజూ పొద్దున కిటికీ దగ్గర వెలుతుర్లో పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడు. పొట్ట మీద వెంట్రుకలు తక్కువున్న చోట ఎర్రటి సూది మొనలంత చుక్కలున్నాయేమో చూడు. చిగుళ్ళు తెల్లబడినా, మూత్రం ఎర్రగా గోధుమరంగుగా వచ్చినా, ముక్కులోంచి రక్తం వచ్చినా తెల్లారేదాకా ఆగకు. మీ డాక్టరు దొరకకపోతే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. బయల్దేరే ముందు ఆ వేళకు తెరిచి ఉంటారో లేదో ఫోన్ చేసి కనుక్కో.

ఇప్పుడు అసలు తంటా. మందుతో వాడు బాగుపడినా, నీ ఇంటి గోడలో పిడుదులు అలాగే ఉంటే మళ్ళీ మొదటికే. ఒకసారి వచ్చిపోతే మళ్ళీ రాదనే భరోసా ఈ జబ్బులో లేదు. మన ఊళ్ళో గోమార్లనే పిడుదులు పశువుల కొట్టంలో ఉండేవి. ఇక్కడి గోధుమరంగు కుక్క పిడుదుకు గడ్డి కూడా అక్కర్లేదు, సిమెంటు ఇంట్లోనే పుట్టి పెరిగి చస్తుంది. అది మూడుసార్లు కుక్కను ఎక్కి రక్తం తాగుతుంది, మూడుసార్లూ దిగిపోతుంది. చివరిసారి దిగిన ఆడది బూడిదరంగులో ఉబ్బి ఉంటుంది. గోడ పగుల్లోకి ఎక్కి వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కింద కన్నా పైకి పాకడం దాని అలవాటు. అందుకే నేల తుడిస్తే సరిపోదు. తలుపు చట్రం వెనక, స్కర్టింగ్ పైన, కర్టెన్ మడతల్లో, షేరూ పడుకునే మూల గోడ మీద టార్చి వేసి చూడు. రక్తం దొరకని పెద్ద పిడుదు నెలల తరబడి ఆకలికి ఓర్చుకుని కూర్చుంటుంది. ఎర్లికియా గుడ్లలోంచి పిల్ల పిడుదుకు రాదు, బబేసియా మాత్రం రాగలదు. కాబట్టి ‘పిల్ల పిడుదులే కదా’ అనుకోవడానికి లేదు.

పగుళ్ళు వైట్ సిమెంటుతో పూడ్పించు. పెస్ట్ కంట్రోలు వాళ్ళతో పిడుదులకని చెప్పి స్ప్రే చేయించు, ఆరేదాకా షేరూను, పిల్లలను ఇంట్లో ఉంచకు, చేపల తొట్టి మూసెయ్యి. గుడ్లకు మందు సరిగా తగలదు కాబట్టి రెండు మూడు వారాలకు మళ్ళీ చేయించాలి. మీ సెల్లార్ సంగతీ చూడాలి. అక్కడ కార్ల కింద పడుకునే వీధికుక్కలను తరిమితే పిడుదులు పోవు, అవి పార్కింగ్ గోడల్లోనే ఉంటాయి, తర్వాత లిఫ్టు దగ్గరకొచ్చే షేరూను ఎక్కుతాయి. సొసైటీ మీటింగులో ఆ కుక్కలకు కూడా తలా ఒక పిడుదుల మాత్ర వేయించమని, సెల్లార్‌కు స్ప్రే కొట్టించమని అడుగు. ఒప్పుకోవడానికి రెండు మీటింగులు పడుతుందేమో, పట్టు వదలకు.

పిడుదుల మాత్రలంటే నెక్స్‌గార్డ్, సింపారికా నెలనెలా వేసేవి, బ్రావెక్టో దాదాపు మూడు నెలలు ఆగేది. మంచివే, కానీ పిడుదు కరిచాకే దాన్ని చంపుతాయి. ఎర్లికియా ఎక్కడానికి కొన్ని గంటలు చాలు. అందుకని వానాకాలమంతా మాత్రతో పాటు ఫ్లూమెత్రిన్ ఉన్న మెడ పట్టీ కూడా కడితే మంచిదా అని డాక్టరును అడుగు. కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఈ మాత్రల ముందు చెప్పి తీరాలి. పశువులకు వాడే పిడుదుల మందు, ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షను తెలిసినవాళ్ళెవరో ఇచ్చారని వాడకు. పైఫ్లోర్ పిల్లి మీ ఇంటికి వస్తుందన్నావు. పర్మెత్రిన్ ఉన్న మందు కుక్కకు పూస్తే, పిల్లిని దగ్గరికి రానివ్వకు, దానికి ప్రాణాపాయం.

ఒంటి మీద కనబడ్డ పిడుదును కిరోసిన్ పోసి, అగరుబత్తీతో కాల్చి తీయొద్దు. సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగు. చేత్తో చిదమకు, స్పిరిట్ ఉన్న సీసాలో వెయ్యి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, తోక కింద రోజూ చూడు, మెడ పట్టీ కింద మరచిపోకు.

శుక్రవారం సీబీసీ ఉంది కదా. రిపోర్టు వాట్సాప్‌లో పెట్టు, ఫోటో వంకర లేకుండా, అంకెలు కనబడేలా తియ్యి. స్లైడు పారేయొద్దని ల్యాబులో చెప్పు, ఆదివారం మీ ఇంటికి వచ్చినప్పుడు నేనూ ఒకసారి చూస్తాను, మైక్రోస్కోపు నా సంచిలోనే తెస్తాను. మీ పెద్దమ్మ నీకు గోంగూర పచ్చడి కూడా కట్టి ఉంచింది.

ఇట్లు,
పెదనాన్న