వికృతి అంటే వికారమేనా?

సందేహం: ఇంజనీరింగు పాఠం తెలుగులో రాస్తూ, ‘స్ట్రెయిన్’కు వికృతి అనే మాట వాడి, లాగిన కడ్డీ ‘వికృతి చెందింది’ అన్నాను. మిత్రుడు నవ్వాడు. వికృతి అంటే వికారం కాదా? ‘సాగుదల’ అంటే చాలదా?

సమాధానం: ఆ మిత్రుడు బడిలో ‘భారం–బరువు, స్తంభం–కంబం’ అని ప్రకృతి–వికృతులు వల్లించే ఉంటాడు. అప్పుడు బరువును చూసి నవ్వలేదు కదా! ‘కృ’ ధాతువుకు ‘ప్ర’ చేరితే ప్రకృతి, ‘వి’ చేరితే వికృతి. మొదటి రూపం అది, దాని నుంచి మారినది ఇది. ఇందులో అందచందాల ప్రసక్తి లేదు.

కడ్డీ లెక్కలోనూ ఇదే న్యాయం. మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ ఒక మిల్లీమీటరు సాగితే, ఆ మిల్లీమీటరు సాగుదల. దాన్ని అసలు పొడవైన 1000 మిల్లీమీటర్లతో భాగిస్తే వచ్చే 0.001 వికృతి, ప్రమాణం లేని వట్టి సంఖ్య. అదే మందమున్న రెండు మీటర్ల కడ్డీ అంతే బలానికి రెండు మిల్లీమీటర్లు సాగుతుంది, వికృతి మాత్రం మారదు. హారంలో కూర్చున్న అసలు పొడవు ప్రకృతే! ఈ పేరు పెట్టినవారు వ్యాకరణం రుచి తెలిసినవారేనని నా నమ్మకం. 1678లో ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ప్రకటించిన నియమం సాగుదల గురించి: బలం ఎన్ని రెట్లయితే సాగుదల అన్ని రెట్లు. కడ్డీ మారితే లెక్క మళ్లీ మొదలు. వికృతిని పట్టుకుంటే పదార్థం గుణమే తేలుతుంది. ప్రతిబలాన్ని, అంటే కడ్డీ అడ్డుకోత వైశాల్యంతో భాగించిన బలాన్ని (‘స్ట్రెస్’), వికృతితో భాగిస్తే వచ్చేది యంగ్ గుణకం. ఉక్కుకు అది చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,00,000 న్యూటన్లు. 0.001తో గుణించండి, చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్లు వస్తుంది. అదే కడ్డీలోని ప్రతిబలం.

పైగా రెండు గోడల మీద ఆనిన దూలంపై బరువు పెడితే అడుగు సాగుతుంది, పైభాగం కుదించుకుపోతుంది, నడిమి పొర రెండూ చేయదు. కుదింపును కూడా సాగుదల అంటారా? ఒక్క తేడా ఒప్పుకోవాలి: బరువు దించితే, హద్దు దాటని ఉక్కు మొదటి పొడవుకు వస్తుంది, మన ‘బరువు’ మళ్లీ ‘భారం’ కాదు. తద్భవాలకు స్థితిస్థాపకత లేదు.



నాకు చిరాకు తెప్పించేది ప్రతిబలాన్ని ‘ఒత్తిడి’ అనడం. పరీక్షలకూ ఒత్తిడే, టైరులో గాలికీ ఒత్తిడే, వంతెన కడ్డీకీ ఒత్తిడేనా? లాగుతున్న కడ్డీలో ఒత్తేదెవరు? ‘ప్రతిబలం’ కూడా మచ్చలేనిది కాదు. వైశాల్యంతో భాగించాక మిగిలింది బలం కాదు. అయినా స్థిరపడిపోయింది, కదిలించను.

మీరు వికృతి అనే రాయండి. ‘వికృతి చెందింది’ తప్పనను గానీ, ‘కడ్డీలో వికృతి ఇంత’ అంటే చెవికి హాయి. మిల్లీమీటర్లలో చెప్పేచోట సాగుదల అనండి, అభ్యంతరం లేదు.