అయిదు రెప్సా, పదిహేనా? బలానికి, కండకి సెట్ల లెక్క

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24, బరువు 64 కిలోలు. మాది భీమవరం దగ్గర పల్లె, రొయ్యల చెరువుల మీద పని. నాలుగు నెలలుగా జిమ్‌కి వెళ్తున్నాను. బెంచ్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని బరువుల కడ్డీని, అంటే బార్‌ని, ఛాతీ మీద నుంచి పైకి నెట్టడం) 40 కిలోలతో 10 సార్లు వస్తుంది, నెలన్నరగా అక్కడే ఆగిపోయింది. బరువు పెంచి 5 సెట్లు, సెట్టుకి 5 రెప్స్ (ఆగకుండా అయిదు సార్లు ఎత్తి దించడం) చెయ్యమని కోచ్ అంటున్నారు. తక్కువ బరువుతో 15 చేస్తేనే కండ వస్తుందని తోటివాళ్లు అంటున్నారు. వారానికి ఆరు రోజులూ చెస్ట్, చేతులు చేస్తున్నాను. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని ఎత్తి నిలబడడం) చేసిన మర్నాడు నడుము పట్టేస్తోంది. నాన్నగారికి బీపీ ఉంది. ఏది పాటించాలండీ?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ కోచ్ చెప్పింది బలానికి సరైన మాట. తోటివాళ్లు చెప్పింది సగం నిజం. బలం పెరగాలంటే బరువు ఎక్కువగా, రెప్స్ తక్కువగా ఉండాలి. కండ మాత్రం 5 రెప్స్‌తోనూ పెరుగుతుంది, 15తోనూ పెరుగుతుంది, 25తోనూ పెరుగుతుంది. షరతు ఒక్కటే: సెట్టు ఆపేసరికి మీలో ఇంకో రెండు, మహా అయితే మూడు రెప్స్‌కి మించి ఓపిక మిగలకూడదు. మీరు ఆగిపోయింది రెప్స్ సంఖ్య వల్ల కాదు. అదే 40 కిలోలు, అవే 10 రెప్స్, అదే కండ వారానికి ఆరు రోజులు. శరీరానికి కొత్తగా పెరగాల్సిన అవసరమూ రాలేదు, పెరగడానికి తీరికా దొరకలేదు.

లోపల జరిగేది ఇది. బరువు ఎత్తేటప్పుడు నాడులు ముందు చిన్న కండరపు పోగుల్ని పనిలోకి దింపుతాయి. అవి చాలకపోతేనే పెద్ద పోగులు కదులుతాయి. బాగా లావెక్కే గుణం ఈ పెద్దవాటిదే. బార్ బరువుగా ఉంటే ఇవి మొదటి రెప్ నుంచే పనిలోకి వస్తాయి. తేలిగ్గా ఉంటే చిన్నవి అలిసిపోయాక, చివరి నాలుగైదు రెప్స్‌లో వస్తాయి. అందుకే 20 చేయగలిగిన బరువుతో 15 దగ్గర హాయిగా ఆపేసేవాళ్లకి చెమట పడుతుంది తప్ప కండ పెద్దగా రాదు.

బలం సంగతి కొంత వేరు. మన మిల్లుల దగ్గర 75 కిలోల ధాన్యం బస్తా భుజాన వేసుకునే ముఠా కూలీల్లో సన్నగా ఉన్నవాళ్లు ఎంతమంది లేరు! ఎక్కువ పోగుల్ని ఒకేసారి కదిలించడం నాడులు నేర్చుకునే విద్య. బరువైన పని చేస్తేనే అది అబ్బుతుంది, 15 రెప్స్ బరువుతో అంతగా రాదు. జిమ్‌లో చేరిన మొదటి వారాల్లో కండ కనపడకుండానే బరువులు చకచకా పెరగడానికి కారణం కూడా ఇదే.

ఇక అన్ని జిమ్‌లలో వినపడే ‘మూడు సెట్లు, పదేసి రెప్స్’ లెక్క 1940లలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ గాయపడ్డ సైనికుల కోసం వాడిన పద్ధతి నుంచి వచ్చింది. మొదట ఆయన ఏడు నుంచి పది సెట్లు చేయించి, తర్వాత మూడుకి తగ్గించారు. ఆ పద్ధతికి ప్రాణం పది అనే అంకెలో లేదు, బరువును క్రమంగా పెంచుతూ పోవడంలో ఉంది. మీ దగ్గర లోపించింది సరిగ్గా అదే.

మీకు రెండూ కావాలి కాబట్టి వారంలో మూడు రోజులు చాలు: సోమ, బుధ, శుక్ర. మూడు రోజులూ స్క్వాట్ (భుజాల మీద బార్‌తో కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్, రోయింగ్ (బరువును పొట్ట వైపు లాగడం) లేదా లాట్ పుల్‌డౌన్ (పైనున్న బార్‌ని ఛాతీ దాకా కిందికి లాగడం), ఒక్కొక్కటి 3 సెట్లు. అంటే ఛాతీకి, వీపుకి, తొడలకి వారానికి 9 సెట్లు పడతాయి. నాలుగు నెలల అనుభవానికి ఇది సరిపోతుంది. తర్వాత పెంచినా 10 నుంచి 20 మధ్య ఉంటే చాలు. చివర్లో బైసెప్స్, ట్రైసెప్స్ (పై చేతి ముందు, వెనక కండలు) రెండేసి సెట్లు, 10–15 రెప్స్.

మీ బెంచ్‌నే తీసుకుని లెక్క వేద్దాం. రెప్స్‌ని 30తో భాగించి, దానికి 1 కలిపి, బరువుతో గుణించండి. 40 కిలోలతో 10 అంటే ఒక్కసారి ఎత్తగల బరువు సుమారు 53 కిలోలు. సోమవారం 42.5 కిలోలతో 5 రెప్స్, సెట్టుకీ సెట్టుకీ మధ్య 3 నిమిషాలు. బుధవారం 40తో 8 రెప్స్, 2 నిమిషాలు. శుక్రవారం 35తో 12 నుంచి 15, రెండు నిమిషాలు. స్క్వాట్‌కీ ఇలాగే లెక్క కట్టుకోండి. రోయింగ్ మాత్రం 8 రెప్స్ కంటే తక్కువకి దించకండి. బరువు మరీ ఎక్కువైతే వీపు బదులు నడుము ఊపుతో లాగేస్తారు. నిమిషం కూడా ఆగకుండా తర్వాతి సెట్టుకి వెళ్తే ఆయాసం వల్ల రెప్స్ తగ్గుతాయి, కండకి అందే పనీ తగ్గుతుంది.

సోమవారం నేరుగా 42.5 ఎత్తకండి. 20 కిలోలతో 10, 30తో 5, 37.5తో 2 చేసి మొదలుపెట్టండి. ఇవి వార్మప్, సెట్ల లెక్కలోకి రావు. ఇంకో విషయం, మీ జిమ్‌లో బార్‌ని ఒకసారి కాటా మీద పెట్టి చూడండి. అన్ని బార్‌లూ 20 కిలోలు ఉండవు, 10, 12, 15 కిలోలవీ ఉంటాయి. ఈ వేళ ఒక బార్, రేపు ఇంకో బార్ పట్టుకుంటే మీ లెక్కంతా తప్పుతుంది.

మూడు సెట్లలోనూ అనుకున్న రెప్స్ పూర్తయితే తర్వాతి వారం 2.5 కిలోలు పెంచండి. దానికి 1.25 కిలోల ప్లేట్లు రెండు కావాలి. అవి లేక ఒకేసారి 5 కిలోలు పెంచాల్సి వస్తే, ముందు 5 రెప్స్‌ని 7 దాకా తీసుకెళ్లి అప్పుడు పెంచండి. ప్రతి సెట్టూ నోట్‌బుక్‌లో రాయండి. రాయకపోతే నెలన్నర ఒకే చోట ఉన్నా తెలియదు. ఆరేడు వారాలకోసారి ఒక వారం సెట్లు సగానికి తగ్గించాలి. మన వైపు సంక్రాంతి వారం దానికి భేషుగ్గా సరిపోతుంది. వారం పది రోజులు తగ్గిస్తే బలం ఎక్కడికీ పోదు.

ప్రతి సెట్టూ చేతులెత్తేసేదాకా చేయడం మంచిది కాదు. మొదటి సెట్టులోనే అలా చేస్తే మిగతా రెండూ పాడవుతాయి. స్క్వాట్, బెంచ్‌లో ప్రమాదం కూడా. బెంచ్‌లో 5 రెప్స్ రోజున పక్కన మనిషి లేకుండా బార్ దించకండి.

ఆహారం: మీ బరువుకి రోజుకి సుమారు 100 గ్రాముల ప్రొటీన్ కావాలి. నాలుగు గుడ్లు (24 గ్రాములు), 150 గ్రాముల శీలావతి లేదా బొచ్చె చేప (27), పచ్చి కొలతలో 50 గ్రాముల కందిపప్పు (11), 300 మిల్లీలీటర్ల పాలు (9), కప్పు పెరుగు (7), రోజు మొత్తానికి 300 గ్రాముల బియ్యం అన్నం (20). దాదాపు సరిపోయింది. పౌడర్ డబ్బా తప్పనిసరి కాదు. కార్తీక మాసంలో నీచు మానేస్తే 50 గ్రాముల మీల్‌మేకర్, సెనగలు, పాలు పెంచండి. కండ త్వరగా వస్తుందని ఎవరైనా ఇంజెక్షన్ ఇస్తామంటే దయచేసి ఒప్పుకోకండి. ఆ స్టెరాయిడ్లతో వృషణాలు కుంచించుకుపోతాయి, గుండె కండరం దెబ్బతింటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోతకి చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. రేకుల షెడ్డులో జిమ్ అయితే తెల్లవారుజామునే వెళ్లండి. ముందు, తర్వాత బరువు చూసుకుని, కిలో తగ్గితే లీటరుకి పైగా నీళ్లు, కాస్త ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. అలవాటు లేని రోజున వందల రెప్స్ పందేలు వద్దు. ఆ తర్వాత కండలు వాచి, మూత్రం కాఫీ రంగులో వస్తే కండరం కరిగి కిడ్నీల మీద పడుతోందని అర్థం. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

సోమవారం బరువులు మొదలుపెట్టే ముందు మీ బీపీ చూపించుకోండి. ఊపిరి బిగబట్టి ఎత్తేటప్పుడు బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటే 5 రెప్స్ రోజు ఆపి, ముందు వైద్యుణ్ని కలవండి. బాగానే ఉన్నా, బార్ పైకి నెట్టేటప్పుడు ఊపిరి వదలడం అలవాటు చేసుకోండి.

నడుము విషయం. డెడ్‌లిఫ్ట్‌లో మర్నాటి పట్టు తరచుగా వీపు వంగిపోవడం వల్ల, బార్ కాళ్లకి దూరంగా ఉండడం వల్ల వస్తుంది. మూడు వారాలు నేల మీద నుంచి ఎత్తడం మానండి. బదులుగా సగం బరువుతో నిలబడి, తుంటిని వెనక్కి నెడుతూ బార్‌ని తొడలకి ఆనించి మోకాళ్ల కిందిదాకా దించే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ చేయండి: 8 రెప్స్, 2 సెట్లు, బుధవారం మాత్రమే. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించి చూసుకుంటే వీపు ఎక్కడ వంగుతోందో కనపడుతుంది. మూడు వారాలకీ తగ్గకపోయినా, నొప్పి పిర్ర నుంచి కాలి కిందికి పాకినా, పాదం తిమ్మిరెక్కినా ఎముకల డాక్టర్‌కి చూపించండి. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, కాళ్ల మధ్య స్పర్శ తెలియకపోయినా గంటల్లో ఎమర్జెన్సీకి చేరుకోవాలి.