ఫారం నింపితేనే ప్లాట్లు చూపిస్తారట!

ప్రశ్న: మాది కావలి. నెల్లూరు వైపు హైవే పక్కన ప్లాట్లు అమ్ముతున్నారని ఒక వెంచర్ వాళ్ల వెబ్‌సైట్ తెరిచాను. పేరు, ఫోన్ నంబరు, జీతం, ఎంతలో కొంటారు అన్నీ రాస్తేగానీ లేఅవుట్ కూడా కనపడలేదు. నా నంబరు ఇవ్వడం ఇష్టంలేక మా బావమరిది నంబరు రాశాను. ఇప్పుడు ఆయనకు రోజంతా ఫోన్లే. అలా అడిగే హక్కు వాళ్లకుందా? నేను చేసింది నేరమా?

జవాబు: ముందు బావమరిది గారి సంగతి చూద్దాం. ఇంట్లో రగడ అదేగా! ఎవరినీ మోసం చేసి లాభపడాలని మీరు ఆ నంబరు రాయలేదు కనుక అది కేసు దాకా పోయే విషయం కాదు. కానీ చేసిన పని మంచిది కాదు. పైగా ఫిర్యాదు మీరు చేస్తే చెల్లదు. ఆ కాల్స్ అందుకున్న నంబరు నుంచే, అంటే ఆయన ఫోన్ నుంచే, విసిగించే ప్రచార కాల్స్ మీద ఫిర్యాదులు తీసుకునే 1909కు చెప్పాలి, అదీ కాల్ వచ్చిన 7 రోజుల లోపు. కాల్ చేసిన నంబరు, తేదీ, ఏం మాట్లాడారన్నది రెండు ముక్కల్లో చెబితే చాలు. ఆ పని ఆయన చేతే చేయించండి, కాఫీ మీరు ఇప్పించండి.

ఇక అసలు సందేహం. వెబ్‌సైట్ అందరికీ తలుపులు తెరిచే పెట్టాలని ఏ చట్టమూ చెప్పదు. ఐటీ చట్టం కింద వ్యక్తిగత సమాచారం గురించి 2011లో వచ్చిన రూల్స్‌లో 5వ రూలు రెండు వైపులా పదునున్న కత్తి. వివరాలు ఇవ్వనని చెప్పే స్వేచ్ఛ మీకుంది, ఇచ్చాక కూడా సమ్మతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. అయితే ఇవ్వనంటే సేవ ఇవ్వమనే వీలు వాళ్లకీ ఉంది.

మరి ప్లాటు చూడ్డానికి జీతంతో పనేమిటి? ఇక్కడ 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (వెబ్‌సైట్లలో కొనేవాళ్లను మాయచేసే పద్ధతులు) మార్గదర్శకాలు పనికొస్తాయి. అందులో చెప్పిన 13 రకాల మాయల్లో బలవంతపు చర్య ఒకటి. కొనాలనుకున్నదానికి అవసరం లేని వ్యక్తిగత వివరాలు ఇస్తేనే ముందుకు పోనిస్తామనడం దాని కిందికి వస్తుందని నా అభిప్రాయం. ఆ మార్గదర్శకాలు వస్తువులకు, సేవలకేగా, ప్లాటు ఆ రెంటిలో ఏదీ కాదుగా అని వాళ్ల వకీలు అడ్డం తిరగొచ్చు. రోడ్లు, కాలవలు వేసి అభివృద్ధి చేసి అమ్మే లేఅవుట్ సేవేనని నార్నె కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు 2012లోనే తేల్చింది. అయినా మీరింకా రూపాయి కట్టలేదు కాబట్టి నష్టపరిహారం కోసం నెల్లూరు వినియోగదారుల కమిషన్‌కు పరుగెత్తమని నేను చెప్పను. స్క్రీన్‌షాట్లు పెట్టి జిల్లా కలెక్టరుకు గానీ, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు గానీ ఫిర్యాదు చేయండి.

2023 డేటా రక్షణ చట్టం వచ్చిందిగా అంటారేమో. అవసరమైన వివరాలు మాత్రమే తీసుకోవాలి, నోటీసు తెలుగులో కావాలన్నా ఇవ్వాలి, చెరిపేయమంటే చెరిపేయాలి. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ఈ సెక్షన్ల అమలుకు అక్కడి నుంచి 18 నెలల గడువు పెట్టారు. అంటే 2027 మే. అందాకా 2011 రూల్స్‌తోనే సర్దుకోవాలి. ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టండి. నేను రాసిన నంబరు నాది కాదు, వాడడానికి ఆ మనిషి ఒప్పుకోలేదు, మీ జాబితాలోంచి తీసేయండి, నా వివరాలకు ఇచ్చిన సమ్మతినీ వెనక్కి తీసుకుంటున్నాను అని సూటిగా రాయండి. నెలలోపు పరిష్కరించాలని ఆ రూల్సే చెబుతున్నాయి.

ఇంతకీ ఆ ఫారం మీరు నింపాల్సిన పనే లేదు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ ఏదైనా రెరాలో, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే సంస్థలో, రిజిస్టర్ కావాలి. అనుమతి పొందిన లేఅవుట్ ప్లాను, భూమి హక్కుల వివరాలు ఏపీ రెరా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అక్కడ మీ జీతం అడిగేవాళ్లు లేరు. ధర కావాలా, సైటు దగ్గరికి పోయి నోటితో అడగండి. వాళ్ల ప్రకటనలో రెరా నంబరు వేయడం చట్టప్రకారం తప్పనిసరి. అది మీకు కనిపించిందా? కనిపించకపోతే ఫోన్ల గొడవ పక్కన పెట్టి, ముందు రెరాకు ఫిర్యాదు రాయండి. అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.