రసాయనశాస్త్రం చదివాను. టీనేజీ పిల్లల కోసం సైన్సుతో నడిచే మిస్టరీ నవలలు రాస్తూ బతకవచ్చా?

రసాయనశాస్త్రంలో డిగ్రీ అయింది, ఉద్యోగం మానేసి టీనేజీ పిల్లలకు సైన్సు ఆధారంగా అపరాధ పరిశోధన నవలలు రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఉద్యోగం సంగతి ముందే తేల్చేస్తాను: మానకండి. నేను పదకొండేళ్లుగా ఇవే రాస్తున్నాను. ఆరు నవలలు అచ్చయ్యాయి. ఇప్పటికీ పగలంతా ఒక కళాశాల ప్రయోగశాలలో సీసాలకు లేబుళ్లు అంటిస్తూనే ఉన్నాను. దానికి నాకు నామోషీ ఏమీ లేదు, నా కథల్లో సగం ఆ సీసాల మధ్యే దొరికాయి.

మొదటి రెండు వ్రాతప్రతులూ తిరిగొచ్చాయి. మొదటిదానిలో పదిహేనేళ్ల అమ్మాయి ఎలాగో ఒక ఫోరెన్సిక్ ల్యాబులోకి చొరబడుతుంది, నమూనాను యంత్రంలో పెడుతుంది, యంత్రం హంతకుడి పేరు చెప్పినంత పని చేస్తుంది. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒక ఎడిటర్ మాత్రం దయతలచి, నేరస్థుణ్ణి పట్టుకున్నది యంత్రమైతే ఈ అమ్మాయి కథలో ఎందుకున్నట్టు అని రాశారు. ఆ మాట మింగుడుపడటానికి నాకు ఏడాది పట్టింది.

దారి చూపింది ఒక విఫలమైన ప్రయోగం. మూడో నవలలో ఒక బెదిరింపు ఉత్తరం ఏ పెన్నుతో రాశారో తెలుసుకోవడానికి కథానాయిక క్రొమటోగ్రఫీ, అంటే సిరాలో కలిసిన రంగులను విడదీసే పరీక్ష, చేస్తుంది. చిన్నప్పుడు చదువుకున్నదే కదా అని వడపోత కాగితం, నీళ్లు, పైకి పాకే రంగులు అంటూ నాలుగు పేరాలు గడగడా రాసేశాను. ఎందుకో అనుమానం వచ్చి ఒక రాత్రి చేసి చూశాను. సిరా చుక్క పెట్టిన చోటే కూర్చుంది. గంటసేపు చూసినా కదలలేదు. స్కెచ్ పెన్ను సిరా నీళ్లలో కరుగుతుంది కాబట్టి పాకుతుంది. బాల్ పెన్ను సిరా జిడ్డుగా ఉంటుంది, నీళ్లకు లొంగదు, దానికి ఆల్కహాల్ కావాలి. ఆల్కహాల్‌లో పెట్టాక, అప్పటిదాకా ఉత్త నీలంగా కనిపించిన చుక్క ఊదానూ నీలాన్నీ వేరుచేసి చూపించింది. చుక్క పెట్టే చోటుకు గుర్తుగా కాగితం అడుగున గీత పెన్సిల్‌తోనే ఎందుకు గీయాలో కూడా ఆ రాత్రే ఒంటబట్టింది, ఎందుకంటే పెన్నుతో గీసిన నా గీత చుక్కతో పాటు పైకి బయల్దేరింది. మర్నాడు ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను. అమ్మాయి కూడా ముందు నీళ్లలోనే పెడుతుంది. ఏమీ రాదు. తమ్ముడు ఎగతాళి చేస్తాడు. స్పిరిట్ కోసం వెతుక్కుంటూ వెళ్లిన చోట ఆమెకు కనబడకూడని మనిషి కనబడతాడు.

అక్కడితో ఆగి ఉంటే అది కేవలం సరదా సన్నివేశం. రెండు సిరాలు కాగితం మీద వదిలిన రంగుల పట్టీలు అచ్చం ఒకేలా వచ్చాయనుకోండి, దాని అర్థం ఏమిటి? రెండింటిలోనూ ఒకే రకం రంగులు కలిశాయని మాత్రమే. అదే పెన్ను అని కాదు. అదే సిరాతో ఒకే కంపెనీ వేల పెన్నులు తయారుచేసి ఉంటుంది. పట్టీలు తేడాగా వస్తే మాత్రం ఈ పెన్ను కాదని గట్టిగా చెప్పవచ్చు. అంటే ఈ పరీక్ష ఒకరిని వదిలిపెట్టగలదు గానీ ఒకరిని పట్టివ్వలేదు. నా కథానాయికకు ఆ తేడా తెలియక ఒక మంచి ఉపాధ్యాయుడి మీద నింద వేస్తుంది. నవల మధ్య భాగమంతా ఆ నింద చుట్టూనే తిరిగింది. మొదట అచ్చయింది అదే.

అప్పటినుంచి ఏ పరీక్ష గురించి చదివినా, అది ఎక్కడ నోరు మూసుకుంటుందో, ఎక్కడ అబద్ధం చెబుతుందో ముందు వెతుకుతాను. రక్తపు జాడల కోసం చల్లే లూమినాల్ అనే రసాయనం చీకట్లో నీలంగా మెరిస్తే తెరమీద అందరూ రక్తం అంటారు. రక్తంలోని ఇనుము ఆ చర్యను నడిపిస్తుంది నిజమే, కానీ బ్లీచింగ్ ద్రావణం తగిలినా, రాగి లవణాలు ఉన్నా మెరుస్తుంది. నేల కడిగిన నిరపరాధి కూడా అనుమానితుడవుతాడు. శవం బిగుసుకోవడాన్ని చూసి పది గంటల ఇరవై నిమిషాలకు చనిపోయాడని చెప్పే డిటెక్టివ్‌ను నేను నమ్మను. వేడికి అది త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. చలికి ఆలస్యమవుతుంది. నిజాయితీగా చెబితే దొరికేది కొన్ని గంటల వ్యవధి. ఆ వ్యవధిలో ఎంతమంది ఎక్కడెక్కడ ఉన్నారన్నదే మనకు పని.

డీఎన్‌ఏ సంగతి చూడండి. బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టారు. ఇంగ్లండ్‌లో రెండు హత్యల కేసులో దాన్ని మొదట వాడినప్పుడు, అది చేసిన తొలి పని నేరం ఒప్పుకున్న 17 ఏళ్ల కుర్రాణ్ణి నిర్దోషిగా తేల్చడం. తర్వాత ఆ చుట్టుపక్కల వేలమంది మగవాళ్ల నమూనాలు తీసుకున్నారు, హంతకుడు దొరకలేదు. అతను తన బదులు తోటి ఉద్యోగితో రక్తం ఇప్పించాడు. ఆ ఉద్యోగి ఒకచోట కూర్చుని నోరు జారడం, విన్నవాళ్లు పోలీసులకు చెప్పడం వల్ల బండారం బయటపడింది. 1988లో హంతకుడికి శిక్ష పడింది. రసాయనం, మనిషి బలహీనత, చాడీ, మూడూ కలిస్తే గానీ ముడి విడలేదు. నా దృష్టిలో ఇంతకంటే మంచి పాఠం ఏ రచనా తరగతిలోనూ దొరకదు.

టీనేజీ పాఠకులకు రాయడంలో ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. పదహారేళ్ల వాళ్లను నేరస్థలానికి ఎవరూ రానివ్వరు. ల్యాబు తాళాలు వాళ్ల చేతిలో ఉండవు. మొదట్లో పోలీసు మేనమామలను, శాస్త్రవేత్త తండ్రులను సృష్టించి ఆ గోడ దూకాను. ఇప్పుడు గోడను అలాగే ఉంచుతాను. బడిలో ఉండే సూక్ష్మదర్శిని, ఆమ్లంలో గులాబీ రంగుకూ క్షారంలో ఆకుపచ్చకూ మారే మందారపూల రసం, ఒక భూతద్దం చాలు. ఇంకో సంగతి, ఉత్సాహంగా గాజుముక్క జేబులో వేసుకున్న పిల్లకు అది ఇక సాక్ష్యంగా నిలవదని చివర్లో తెలియాలి. ఎవరు తీశారు, ఎవరి చేతులు మారింది అన్న లెక్క తప్పితే న్యాయస్థానంలో దానికి విలువ ఉండదు. ఆ దెబ్బ తిన్న పాత్ర రెండో భాగంలో వేరే మనిషిగా మారుతుంది.

విషాల విషయంలో నాదొక నియమం: లక్షణాలు కచ్చితంగా, మోతాదు అసలే వద్దు. అపరాధ పరిశోధన నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసి, 1917లో మందులు కలిపి ఇచ్చే పనికి అర్హత పరీక్ష కూడా ప్యాసయ్యారు. 1961లో వచ్చిన ఆమె నవల ఒకదానిలో థాలియం అనే లోహపు విషం లక్షణాలు, ముఖ్యంగా జుట్టు రాలిపోవడం, ఎంత సరిగ్గా ఉన్నాయంటే, 1977లో లండన్‌లో ఆ నవల చదువుతున్న ఒక నర్సు, ఎవరికీ అంతుపట్టని జబ్బుతో ఉన్న పసిబిడ్డకు సోకింది థాలియమేనేమో అని అనుమానించారు. పరీక్షిస్తే అదే. బిడ్డ బతికింది. మన పుస్తకాలకు ఆ భాగ్యం పట్టకపోయినా, తప్పుడు లక్షణాలు రాయకుండా ఉండవచ్చు.

ఇక డబ్బు. అడ్వాన్సు అంటే బహుమానం కాదు, రాబోయే రాయల్టీలోంచి, అంటే అమ్మకాల మీద రచయితకు వచ్చే వాటాలోంచి, ముందుగా ఇచ్చినది. అమ్మకాలు ఆ మొత్తాన్ని దాటాకే మళ్లీ చేతికి వస్తుంది, చాలా పుస్తకాలు దాటవు. నా మూడో నవల ప్రచురణకర్త రెండేళ్లు లెక్కలే పంపలేదు. ఒప్పందంలో లెక్కల గడువు, పుస్తకం దొరకకుండా పోతే హక్కులు తిరిగి నాకు రావడం అనే రెండు షరతులు అప్పటినుంచి తప్పక రాయించుకుంటున్నాను. పాఠశాలల్లో కార్యశాలలు, పిల్లల పత్రికలకు సైన్సు వ్యాసాలు వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు. నిజానికి కార్యశాలలే ఎక్కువ పనికొచ్చాయి, పిల్లలు ఎక్కడ ఆవలిస్తారో అక్కడే కళ్లతో చూడవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మీకు బాగా చేతనైన ఒక్క పరీక్షను ఈ వారం మళ్లీ చేయండి, అది తప్పు చూపించే పరిస్థితి ఒకటి కనిపెట్టి, ఆ తప్పుకు ఎవరు బలవుతారో ఆలోచించండి. అవుట్‌లైను తర్వాత. రాశాక మీ వ్రాతప్రతిని ఒక నిపుణుడికీ ఒక పద్నాలుగేళ్ల పాఠకురాలికీ చూపించండి. ఇద్దరిలో రెండోవాళ్లే కఠినులు. అచ్చయిన నా రెండో పుస్తకంలో క్లోరోఫాం రుమాలు ముక్కుకు పెట్టగానే మనిషి కుప్పకూలతాడు. నేను సీసాల మధ్య బతికేవాణ్ణే, అయినా సినిమాలు చూసిన బుర్ర కదా. అలా క్షణాల్లో స్పృహ తప్పదని, కొన్ని నిమిషాలు పీలిస్తే గానీ పనిచేయదని, ఆ లోపు మనిషి ఊరికే ఉంటాడా అని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఉత్తరం రాసింది. సిగ్గుపడి, క్షమాపణ చెప్పి, వాళ్ల అమ్మానాన్నల అనుమతితో తర్వాతి వ్రాతప్రతిని ముందుగా ఆమెకే పంపాను. పదకొండు తప్పులు పట్టి పంపింది. తొమ్మిది ఒప్పుకున్నాను. మిగిలిన రెండింటి మీద ఇంకా వాదించుకుంటున్నాం.